చీర కట్టిన ఖోఖో కప్పు

1986 ఆగస్టు 15, శుక్రవారం ఉదయం ఏడు గంటలకు బావి బడి ఖోఖో కప్పు కనిపించలేదు. తొమ్మిదిలోగా అది బళ్ళారి పరేడు మైదానంలో, జెండా కంబం పక్కన వేసిన బల్ల మీద ఉండాలి.

బావి బడి అంటే బజారు వెనక ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఆవరణలో బావి ఉంది కనుక ఊరు దానికి ఆ పేరు పెట్టింది. కప్పు జిల్లా బాలికల ఖోఖో పోటీలది. గెలిచిన బడి దాన్ని ఏడాదిపాటు ఉంచుకుని పంద్రాగస్టున తిరిగి బల్ల మీద పెట్టాలి. వరుసగా మూడేళ్ళు గెలిస్తే కప్పు ఆ బడికే శాశ్వతంగా ఇస్తారు. జూలైలో జరిగిన ఫైనల్లో బావి బడి మూడోసారి గెలిచింది. అంతకుముందు ఆ బడికి శాశ్వతంగా దక్కింది ఒక్కటే: వక్తృత్వ పోటీలో వచ్చిన గోడ గడియారం. అది నడవదు.

నిబంధనల్లో మరో వాక్యం ఉంది. జెండా ఎగరకముందు కప్పు బల్ల మీద లేకపోతే, తెచ్చి పెట్టాల్సిన బడి హక్కు పోతుంది. మూడేళ్ళ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. జట్టులో ఆడిన అమ్మాయిలంతా పదో తరగతి. వచ్చే ఏడాది వాళ్ళు ఈ బడిలో ఉండరు.

పీటీ మాస్టరు తిమ్మప్ప ఆ ఉదయానికి ఒక పథకం వేసుకున్నాడు. ఏడింటికి హెడ్మాస్టరు విరూపాక్షయ్య ఇంటికి వెళ్ళాలి. కప్పు తీసుకోవాలి. బడి గేటు దగ్గర నిలబడి ఉన్న బ్యాండును ముందు పెట్టుకుని మైదానానికి నడవాలి. కప్పును మెరుగు పెట్టడానికి రంగనాథ శెట్టి వెండి అంగడిలో ఇచ్చారు. గురువారం సాయంత్రం దాన్ని హెడ్మాస్టరు ఇంటికి పంపిస్తానని శెట్టి చెప్పాడు. మైదానంలో కుర్చీలు వేయించే పని హెడ్మాస్టరుది. ఆయన తెల్లవారకముందే ఇల్లు వదిలాడు.

ఆ శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. పథకంలో అది లేదు.

హెడ్మాస్టరు భార్య శారదమ్మ గడపకు పసుపు రాస్తూ ఉంది.

"రా తిమ్మప్పా. కాళ్ళు కడుక్కోని లోపలికి రా."

"టైము ల్యాదమ్మా. కప్పు ఇస్తే పోతా."

"ఏ కప్పప్పా?"

"ఖోఖో కప్పమ్మా. శెట్టి అంగడి నుంచి నిన్న మూట రాలేదా?"

"వచ్చింది. ఎర్రగుడ్డ మూట. అది మా చెంబు గదా! వ్రతానికని మెరుగుకిచ్చింటిమి. మా అత్త మడి కట్టుకోని రాత్రే లక్ష్మిని అలంకారం చేసేసింది. నన్ను ముట్టుకోనిస్తాదా?"

"ఒకటే మూటనా?"

"ఒకటే."

లోపల పీట మీద కలశం ఉంది. చీర కట్టారు, కొబ్బరికాయ పెట్టారు, కాయకు వెండి ముఖం కట్టారు. పక్కన శారదమ్మ అత్త పంపమ్మ కూర్చుని వత్తులు చేస్తూ ఉంది. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. అయినా ఏటా అలంకారం ఆమే చేస్తుంది, చేతి అంచనాతో.

"ఎట్లుండాదప్పా మా లక్ష్మి?" అంది పంపమ్మ.

"బాగుండాది అవ్వా."

"ఈతూరి గాజులు బాగా నిలబడినాయి. పోయినేడు దారంతో కట్టాల్సి వచ్చె."

తిమ్మప్ప చూశాడు. లక్ష్మి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడినట్టు ఉంది. చీర మడతల్లోంచి రెండు వైపులా పచ్చ గాజులు కనిపించాయి. అతను దండం పెట్టుకుని శెట్టి ఇంటికి పరుగెత్తాడు.

రంగనాథ శెట్టి వాకిట్లో అరటాకులు తుడుస్తున్నాడు. లోపల హాల్లో వీధిలోని ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పూజ అయిపోయింది, తాంబూలాలు మొదలుకాలేదు.

"కప్పు యాడ శెట్టీ?"

"పంపిస్తి గదప్పా. రెండు మూటలు కట్టి మా అంగడి పిల్లోడు వెంకటరామి చేతికిచ్చినా. ఒకటి మీ కప్పు, ఒకటి హెడ్మేష్ట్రు వాళ్ళ చెంబు. రెండూ ఆ ఇంటికే."

"ఆ ఇంటికి చెంబు ఒకటే పోయింది. వెంకటరామి యాడ?"

"రాత్రి బస్సుకే వాళ్ళూరు కెంచనగుడ్డకు పోయినాడు. పండగ గదా."

హాల్లోంచి శెట్టి భార్య నాగలక్ష్మమ్మ గొంతు వినిపించింది. ఆమె పక్కింటావిడకు చెబుతోంది.

"పెండ్లయిన కాడినుంచి అడుగుతాండా అక్కా. వెండి అంగడోని పెండ్లాం ఇత్తడి కలశం పెడతాదని ఊరంతా నవ్వుతాంటే ఈ మనిషికి పట్టింటే గదా! నిన్న ఉన్నట్టుండి పంపించినాడు. నోటితో ఒక మాట చెప్పల్యా. వెంకటరామి రెండు మూటలు పట్టుకోని వీధిలో పోతాంటే నేనే పిలిచినా. యాడివిరా అంటే, అంగడివమ్మా అన్యాడు. ఒకటి నాదే అయింటాదని తీసుకున్యా. చూడు, ఎట్లుండాదో!"

శెట్టి చేతిలోని ఆకులు కింద పడ్డాయి. అతను తిమ్మప్పను అరుగు మీదికి తీసుకెళ్ళాడు.

"మేష్ట్రూ, మీ కప్పులో మా లక్ష్మి కూర్చోనుండాది."

"లేపు శెట్టీ."

"నువ్వు లేపు, చూస్తా."

ఇద్దరూ లెక్క మళ్ళీ వేశారు. మూటలు రెండు. హెడ్మాస్టరు ఇంటికి చేరింది చెంబు. అది శారదమ్మే చెప్పింది. కనుక ఇక్కడ ఉన్నది కప్పు. లెక్కలో తప్పు ఇద్దరికీ కనిపించలేదు. చీర విప్పి చూస్తే సరిపోయేది. కానీ ఆవాహన అయిన కలశానికి శనివారం ఉదయం ఉద్వాసన చెప్పేదాకా చీర విప్పకూడదు. పైగా శ్రావణ శుక్రవారం. ఆ రోజు పక్కింటికి చిటికెడు పసుపు కూడా బయటికి ఇవ్వరు.

శెట్టి భార్యను వంటింట్లోకి పిలిచాడు. తిమ్మప్ప దొడ్డివైపు కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అది మనది కాదే. బడి వాళ్ళ కప్పు."

"కప్పేంది? అది చెంబు."

"నేను కొనలేదే."

"కొనలేదా?"

"దీపావళికి కొంటామని..."

పొయ్యి మీద పాయసం పొంగింది. నాగలక్ష్మమ్మ దించలేదు.

"సరి. నువ్వు కొనలేదు. అయినా అది కప్పు కాదు. చెంబే."

"బియ్యం పోసినంక కప్పూ చెంబు మాదిరే కనపడతాదే."

"బియ్యం పోసింది నేను. నాకు తెలీదా?"

శెట్టి కిటికీ వైపు తిరిగి, ఆమె ఇవ్వదు అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె కలశాన్ని వదలలేక ఆ మాట అంటోందని అతను అనుకున్నాడు. తిమ్మప్ప కూడా అదే అనుకున్నాడు. అతను కిటికీలోంచి మాట్లాడాడు.

"అమ్మా, మీకు దండం పెడతా. మా ఉచ్చెంగమ్మ ఫైనల్లో కాలు బెణికినా కూర్చోకుండా ఆడింది. మూడేండ్లు ఆ పిల్లోళ్ళు పొద్దున ఐదింటికే వచ్చి గ్రౌండులో రాళ్ళేరినారు. జెండా ఎగిరే లోపల కప్పు ఆడ లేకపోతే అంతా పాయె. పైయేటికి వాళ్ళు బడిలోనే ఉండరు."

"ఆడపిల్లోళ్ళా?"

"ఆడపిల్లోళ్ళే అమ్మా."

నాగలక్ష్మమ్మ పాయసం దించింది.

"చెంబని చెప్తే ఇద్దరూ వినరు. సరి. ఆ పిల్లోళ్ళ కోసరం తెస్తా. కానీ లక్ష్మి ఒంటిగా గడప దాటదు. నేనూ వస్తా. చీర విప్పను. నగ తీయను. సాయంత్రం హారతికి మళ్ళీ ఈడికే రావల్ల."

ఎనిమిదింటికి జట్కా వచ్చింది. నాగలక్ష్మమ్మ కలశాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కలశం మెడలో ఆమె పెళ్ళినాటి కాసులపేరు ఉంది. అందుకని శెట్టి జట్కా వెనక నడిచాడు. తాంబూలాలు ఇంకా అందలేదు కనుక హాల్లోని ఆడవాళ్ళు శెట్టి వెనక నడిచారు. తిమ్మప్ప గుర్రం ముందు పరుగెత్తాడు.

బడి గేటు దగ్గర బ్యాండుకు ఒక ఉత్తర్వు ఉంది: తిమ్మప్ప మాస్టరు కప్పుతో రాగానే వాయించాలి. తిమ్మప్ప వచ్చాడు. వాళ్ళు వాయించారు. డప్పులూ బాకాలూ ముందు, లక్ష్మి వెనక వస్తుంటే బజారులోని ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చారు. ఈ ఏడు వ్రతమూ పంద్రాగస్టూ ఒకే రోజు పడ్డాయి కనుక సర్కారు లక్ష్మిని ఊరేగిస్తోందని ఒకరు చెప్పారు. హారతి పళ్ళాలు వచ్చాయి. ప్రతి పళ్ళానికీ జట్కా ఆగింది. ఒకచోట కొబ్బరికాయ కొట్టారు. గుర్రం బెదిరింది.

"మేష్ట్రూ, ఈ ఆడోళ్ళకు ఏమన్నా చెప్పప్పా" అన్నాడు జట్కావాడు.

"నేనేం చెప్పల్ల? నువ్వు గుర్రానికి చెప్పు" అన్నాడు తిమ్మప్ప.

మైదానం చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలుంది. ఖోఖో జట్టు అమ్మాయిలు వరుసలో నిలబడి గేటు వైపు చూస్తున్నారు. బ్యాండు వినగానే వాళ్ళు చప్పట్లు కొట్టారు. జట్కాలోంచి దిగినదాన్ని చూసి ఆపారు.

బహుమతుల బల్ల జిల్లా క్రీడాధికారి మాధవ అధీనంలో ఉంది. నాగలక్ష్మమ్మ కలశాన్ని బల్ల మధ్యలో పెట్టింది.

"తిమ్మప్పా, ఇదేందప్పా?"

"కప్పు సార్."

"కప్పు నాకు తెలీదా? పోయినేడు బల్ల మీద పెట్టింది నేనే. దానికి కొబ్బరికాయ లేకుండె."

"లోపలుండాది సార్."

"తీసి చూపించు."

"రేపు పొద్దున రండి, చూపిస్తా" అంది నాగలక్ష్మమ్మ. "అయినా అయ్యా, ఇది కప్పు కాదు. చెంబు."

మాధవ తిమ్మప్పను చూశాడు.

"అమ్మ ఉపవాసం సార్" అన్నాడు తిమ్మప్ప.

రెండో స్థానం వచ్చిన బడి పీటీ మాస్టరు గురునాథ్ ముందుకు వచ్చాడు.

"సార్, చీర కట్టుకోనొస్తే కప్పని ఎట్ల ఒప్పుకుంటారు? నేను మా పట్టెమంచానికి చీర కట్టి తెస్తా, ఇస్తారా?"

"లక్ష్మిని మంచంతో పోలుస్తావప్పా?" అంది ఆడవాళ్ళలో ఒకామె. గురునాథ్ వెనక్కి వెళ్ళాడు.

మాధవ నిబంధనలు తీసి చదివాడు. కప్పు బల్ల మీద ఉండాలని ఉంది. ఏం కట్టుకుని ఉండాలో లేదు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల దగ్గర చెప్పులతో నిలబడకూడదని నాగలక్ష్మమ్మ చెప్పింది. మాధవ చెప్పులు విడిచాడు. అతన్ని చూసి పక్కనున్నవాళ్ళూ విడిచారు. కుర్చీల పని ముగించుకుని వచ్చిన విరూపాక్షయ్య, ఏం జరిగిందో తెలియక, అందరూ విడిచారు కనుక తనవీ విడిచాడు.

జెండా ఎగరవేయాల్సిన డీసీ, అంటే జిల్లా కలెక్టరు, ఉత్తరాది మనిషి. జిల్లాకు వచ్చి నెల కాలేదు. కారు దిగి, వరుసగా నిలబడ్డ చెప్పుల్లేని కాళ్ళను చూశాడు. పీఏను అడిగాడు.

"ఇక్కడి ఆచారం సార్" అన్నాడు పీఏ. అతనికి అంతకన్నా తెలియదు.

డీసీ వంగి బూట్ల లేసులు విప్పాడు. మేజోళ్ళతో నడిచివెళ్ళి జెండా ఎగరవేశాడు. అప్పటికి కలశం బల్ల మీద ఉంది. తిమ్మప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

కవాతు తర్వాత బహుమతులు మొదలయ్యాయి. ఖోఖో కప్పు వంతు వచ్చింది. డీసీ దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ చాపాడు.

"ఎత్తగూడదు!" అంది నాగలక్ష్మమ్మ.

పీఏ ఆ మాటను డీసీకి చెప్పాడు. డీసీ చేతులు వెనక్కి తీసుకున్నాడు. కప్పును అమ్మాయికి ఇవ్వడం కుదరదు కనుక అమ్మాయిని కప్పు దగ్గరికి పిలిచారు. ఉచ్చెంగమ్మ కుంటుతూ వచ్చింది.

"తలకు పోసుకుంటివా మ్మే?" అంది నాగలక్ష్మమ్మ.

"పొద్దున్నే పోసుకున్యానమ్మా."

"అయితే ముట్టుకో."

ఉచ్చెంగమ్మ కలశం మీద చెయ్యి పెట్టింది. డీసీ ఆమె తల మీద అక్షింతలు వేశాడు. ఫోటో తీశారు. కప్పు ఇకపై బావి బడికి శాశ్వతంగా చెందుతుందని మైకులో చెప్పారు. తర్వాత అన్ని జట్ల అమ్మాయిలూ వరుసగా వచ్చి కుంకుమ పెట్టించుకున్నారు. గురునాథ్ జట్టు కూడా పెట్టించుకుంది. కలశం అదే జట్కాలో శెట్టి ఇంటికి తిరిగి వెళ్ళింది.

శనివారం ఉదయం శెట్టి ఇంట్లో ఉద్వాసన. తిమ్మప్ప, విరూపాక్షయ్య కప్పు తీసుకెళ్ళడానికి వచ్చారు. నాగలక్ష్మమ్మ కాసులపేరు తీసింది, కొబ్బరికాయ తీసింది, చీర విప్పింది. చెంబు బయటపడింది. శెట్టి బియ్యం పళ్ళెంలో పోసి దాన్ని తిప్పి చూశాడు. అడుగున పేరు చెక్కి ఉంది: శారద.

"ఇది మా ఇంటి చెంబప్పా!" అన్నాడు విరూపాక్షయ్య.

తిమ్మప్ప నేల మీద కూర్చున్నాడు.

"చెంబని వంటింట్లో చెప్తి" అంది నాగలక్ష్మమ్మ. "కిటికీ కాడ చెప్తి. గ్రౌండులో అంతమంది ముందర చెప్తి. ఉపవాసమంట!"

"అట్లయితే నిన్న డీసీ బడికి శాశ్వతంగా ఇచ్చింది ఏంది?" అన్నాడు శెట్టి.

"మా ఇంటామె చెంబు" అన్నాడు విరూపాక్షయ్య.

ముగ్గురు మగవాళ్ళూ హెడ్మాస్టరు ఇంటికి నడిచారు. అక్కడ ఉద్వాసన అయిపోయింది. కప్పు పీట మీద ఉంది. దాని రెండు పిడులూ కింద మాత్రమే అతికి, పైన కొమ్ముల్లా విడిగా వంగి ఉంటాయి. ఒక్కో కొమ్ముకు అరడజను పచ్చ గాజులున్నాయి. శారదమ్మ గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమప్పా విరూపాక్షీ" అంది పంపమ్మ, "చెవుల చెంబు చేయించినావు, నాకు ఒక మాటన్నా చెప్పల్యా. మంచిదే. గాజులు బాగా నిలబడతాయి."

శనివారం సాయంత్రానికి విషయం బజారంతా తెలిసింది. నాగలక్ష్మమ్మే చెప్పింది. సోమవారం గురునాథ్ ఫిర్యాదు చేశాడు. అదే మధ్యాహ్నం మాధవ బావి బడికి వచ్చాడు. గురునాథ్ వెంట వచ్చాడు. ఖోఖో జట్టు అమ్మాయిలు హెడ్మాస్టరు గది కిటికీ బయట నిలబడ్డారు. తిమ్మప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు.

మాధవ కప్పును చేతిలోకి తీసుకున్నాడు. చెక్కిన అక్షరాల సందుల్లో పసుపు ఉంది. ఖోఖో అన్న చోట కుంకుమ ఉంది. అడుగున రెండు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

"విరూపాక్షయ్యగారూ, శుక్రవారం ఈ కప్పుకు వ్రతం జరిగిందా?"

"జరిగింది సార్."

"లక్ష్మిని ఆవాహన చేసినారా?"

"చేసినాము సార్."

"చీర కట్టినారా?"

"కట్టినాము."

"ఏ ఇంట్లో అని అడగండి సార్!" అన్నాడు గురునాథ్. "బల్ల మీద పెట్టినదానికి గాజులు ల్యావు. ఫోటో చూడండి."

పత్రికలో వచ్చిన ఫోటో తెచ్చారు. దండల వెనక కలశం సిరామరకలా పడింది. స్పష్టంగా పడినవి డీసీ మేజోళ్ళు. మాధవ దాన్ని కాసేపు చూసి పక్కన పెట్టాడు. కిటికీ వైపు చూశాడు. అమ్మాయిలు ఊచలు పట్టుకుని ఉన్నారు.

"గురునాథప్పా, ఈ జిల్లాలో పసుపు కుంకుమ పూసిన ఖోఖో కప్పు ఇంకొకటి ఉండాదా?"

"ల్యాదు సార్."

"అయితే ఇదే."

కిటికీ బయట అరుపులు లేచాయి. మాధవ కప్పును హెడ్మాస్టరు చేతికిచ్చి, బీరువాలో పెట్టేముందు గాజులు తీయించమన్నాడు. విరూపాక్షయ్య ఆ సంగతి ఇంటికి కబురు చేశాడు. లక్ష్మికి తొడిగిన గాజులు చేత్తో తీయకూడదనీ, వాటంతట అవే పగలాలనీ పంపమ్మ జవాబు పంపింది.

శారదమ్మ చెంబును నాగలక్ష్మమ్మ తాంబూలంతో సహా తిరిగి ఇచ్చింది. శెట్టి ఆ నెలలోనే భార్యకు వెండి కలశం చేయించాడు. ఆమె తన పేరు అడుగున చెక్కనివ్వలేదు. మెడ చుట్టూ చెక్కించుకుంది.

మరుసటి ఏడాది శ్రావణానికి ఖోఖో కప్పు బడి బీరువాలో, గడియారం పక్కన ఉంది. గాజులు పగల్లేదు.